లాకప్ వేరు, గేరు వేరు: పాత డీజిల్ ట్రక్కు ఆటోమేటిక్ గేర్‌బాక్సుతో నా అనుభవం

గంటకు 75 కిలోమీటర్ల వేగం దగ్గర, యాక్సిలరేటర్ మీద కాలు కదలకుండా ఉండగానే, నా ట్రక్కులో ఆర్‌పీఎం ముల్లు 1250 నుంచి 1500కు లేచి, రెండు సెకన్లకే మళ్లీ దిగిపోయేది. దిగిన ప్రతిసారీ బండిని ఎవరో వెనక నుంచి పట్టి వదిలినట్టు చిన్న కుదుపు వచ్చేది. ఖాళీ బండితో ఇది చిరాకు మాత్రమే. వెనక ట్రెయిలర్ కట్టినప్పుడు మాత్రం భయం వేసేది, ఎందుకంటే ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఆ ముల్లు పైనే నిలిచిపోయి, గేర్‌బాక్స్ ఆయిల్ వేడి చూస్తుండగానే 115 డిగ్రీల సెల్సియస్ దాటేది.

బండి 1997 నాటిది. 5.9 లీటర్ల పన్నెండు వాల్వుల కమిన్స్ డీజిల్ ఇంజిన్, దాని వెనక నాలుగు గేర్ల 47ఆర్‌ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్స్. నేను దీన్ని వాడిన బండిగానే కొన్నాను. మొదట చూపించిన మెకానిక్ షెడ్డులో ఒక చుట్టు తిప్పి చూసి, ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకు అందించే టార్క్ కన్వర్టర్ పోయిందనీ, ఎలాగూ దించుతారు కాబట్టి గేర్‌బాక్స్ మొత్తం విప్పి క్లచ్ ప్లేట్లన్నీ మార్చడం మంచిదనీ చెప్పారు. వారు తప్పు చెప్పారని అప్పుడు నాకు తెలియదు. అయితే ఒక్క కొలత కూడా తీయకుండా అంత పెద్ద పనికి ఒప్పుకోవడానికి మనసు అంగీకరించలేదు. సర్వీసు మాన్యువల్ సంపాదించి, పది రోజుల పాటు రాత్రిళ్లు చదివి, పగలు బండి కింద పడుకుని పనిచేశాను. ఆ పనిలో ఏమేమి చేశానో, ఎక్కడ పొరబడ్డానో వివరంగా రాస్తున్నాను.

మాన్యువల్ చదివాక మొదట అర్థమైన విషయమే చివరిదాకా ఉపయోగపడింది. ఈ గేర్‌బాక్సులో ఒకటి నుంచి రెండుకు, రెండు నుంచి మూడుకు గేరు ఎప్పుడు మారాలో నిర్ణయించేది రెండు ఆయిల్ ఒత్తిళ్ల మధ్య పోటీ. ఒకటి బండి వేగంతో పాటు పెరిగే గవర్నర్ ఒత్తిడి (దీన్ని కంప్యూటరు ఒక సోలినాయిడ్‌తో, అంటే కరెంటుతో పనిచేసే వాల్వుతో, నడుపుతుంది), రెండోది మన కాలు నొక్కిన కొద్దీ ఒక కేబుల్ ద్వారా పెరిగే థ్రాటిల్ ఒత్తిడి. మొదటిది గెలిస్తే పై గేరు పడుతుంది, రెండోది గెలిస్తే గేరు ఆగి ఉంటుంది. మూడు నుంచి నాలుగుకు మారడం, టార్క్ కన్వర్టర్ లోపలి క్లచ్చు పట్టుకుని ఇంజిన్‌ను గేర్‌బాక్సుతో జారకుండా కలపడం, అంటే లాకప్, ఈ రెండూ మాత్రం పూర్తిగా కంప్యూటరు ఆజ్ఞతో సోలినాయిడ్లు చేసే పనులు. కాబట్టి కింది గేర్లు తేడాగా పడుతుంటే ముందు కేబుల్‌నూ ఆయిల్‌నూ అనుమానించాలి, లాకప్ తేడాగా ఉంటే ముందు వైర్లను అనుమానించాలి. నా బండిలో రెండు రకాల తేడాలూ ఒకేసారి ఉండటం వల్ల అవి ఒకే జబ్బులా కనిపించి, షెడ్డు వాళ్లను, మొదట్లో నన్నూ తప్పుదోవ పట్టించాయి.

ముందుగా, పడిలేస్తున్నది గేరా, లాకప్పా అన్నది తేల్చుకోవాలి. దీనికి పరికరం అక్కర్లేదు. మూడో గేరు నిష్పత్తి 1.00, నాలుగోది 0.69. అంటే మూడు నుంచి నాలుగుకు మారితే ఆర్‌పీఎం దాదాపు మూడో వంతు తగ్గాలి, 1800 ఉన్నది 1250 దగ్గరికి రావాలి. లాకప్ పడితే తగ్గేది రెండు మూడు వందలే. నా ముల్లు కదులుతున్నది 250 మాత్రమే కాబట్టి అది గేరు కాదు. ఇంకా నమ్మకం కోసం, వెనక వాహనాలు లేని సమతల రోడ్డు మీద, కుడి కాలు యాక్సిలరేటర్ మీద స్థిరంగా ఉంచి, ఎడమ కాలితో బ్రేకు పెడల్‌ను బ్రేకులు పట్టనంత తేలికగా, బ్రేకు లైటు వెలిగేంత మాత్రమే తాకాను. బ్రేకు స్విచ్చు సంకేతం అందగానే కంప్యూటరు లాకప్‌ను వదిలేస్తుంది. ముల్లు సరిగ్గా ఆ 250 పైకి లేచింది. కాలు తీశాను, కాసేపటికి అదే 250 దిగింది. దానంతట అదే జరుగుతున్న గొడవకూ, నేను కావాలని చేసినదానికీ ముల్లు కదలికలో తేడా ఏమీ లేదు. అంటే లాకప్ క్లచ్చు చెప్పినప్పుడు పట్టుకుంటోంది, చెప్పినప్పుడు వదులుతోంది. దానికి ఎవరో పదే పదే తప్పుడు మాట చెబుతున్నారు.

ఆ క్లచ్చు పట్టుకున్నాక జారుతోందా లేదా అన్నది రెండో ప్రశ్న. షెడ్డు వాళ్ల తీర్పు నిలవాలన్నా, పోవాలన్నా దీని మీదే ఆధారం. దీనికి లెక్క వేసుకోవచ్చు. నా టైరు ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 2.42 మీటర్లు వెళుతుంది. వెనక యాక్సిల్ నిష్పత్తి 3.54. గంటకు 100 కిలోమీటర్లంటే నిమిషానికి 1667 మీటర్లు, అంటే చక్రం 689 చుట్లు. దాన్ని 3.54తో, మళ్లీ 0.69తో గుణిస్తే 1683 వస్తుంది. లాకప్ పూర్తిగా పట్టుకుంటే నాలుగో గేరులో 100 దగ్గర ఇంజిన్ ఇంతకంటే ఎక్కువ తిరగడానికి వీల్లేదు. స్పీడోమీటరును నమ్మకుండా జీపీఎస్ వేగం చూసుకుంటూ, ట్రెయిలర్ కట్టి, చిన్న ఎత్తు మీద ప్రయత్నించాను. పట్టుకుని ఉన్నంతసేపూ ముల్లు 1700 దగ్గరే ఉంది. బరువు మీద కూడా జారడం లేదు. కన్వర్టర్ పోయిందన్న మాట అక్కడితో నా దృష్టిలో కొట్టుకుపోయింది. ఈ చిన్న లెక్క ముందే ఎవరైనా వేసి చూపించి ఉంటే ఎంత బాగుండేదో అని అప్పుడు నిజంగా బాధ కలిగింది.

ఆయిల్ సంగతి క్లుప్తంగా చెబుతాను. ఈ గేర్‌బాక్సులో ఆయిల్ మట్టం చూడాల్సింది పార్కులో కాదు, న్యూట్రల్‌లో. పార్కులో ఉన్నప్పుడు ఆయిల్ కన్వర్టర్‌లోకి ప్రవహించదు కాబట్టి మట్టం తప్పుగా కనిపిస్తుంది. చక్రాలకు అడ్డు పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, బాగా వేడెక్కాక న్యూట్రల్‌లో చూస్తే అర లీటరు తక్కువ ఉంది. డిప్‌స్టిక్ చివరి చుక్కను తెల్ల కాగితం మీద వేసి చూశాను. ఎరుపు కొంచెం గోధుమ రంగుకు తిరిగింది, కానీ మాడిన వాసన లేదు. పాన్ దించితే అయస్కాంతం మీద బూడిదరంగు పేస్టులాంటి పొడి తప్ప లోహపు ముక్కలు లేవు. ఆ పొడి మామూలు అరుగుదలే. ఫిల్టరు మార్చి, ఏటీఎఫ్ ప్లస్ 4 రకం గేర్‌బాక్స్ ఆయిల్ పోశాను. పాన్ దిగి ఉండగానే, గేర్లు పడటానికి లోపలి డ్రమ్మును పట్టి ఆపే పట్టీల్లో వెనక బ్యాండునూ, తర్వాత బయటి స్క్రూతో ముందు బ్యాండునూ సరిచేశాను. స్క్రూను ముందు 8 న్యూటన్ మీటర్ల దగ్గర బిగించి, తర్వాత మాన్యువల్ చెప్పినన్ని చుట్లు వెనక్కి తిప్పాలి. ఆ చుట్ల సంఖ్య ఈ వర్గంలోని ఒక్కో గేర్‌బాక్సుకు ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి, ఎవరో చెప్పిన అంకెతో కాకుండా మన నమూనాకు ఇచ్చిన అంకెతోనే చేయాలి.

ఇక వైర్ల వేట. కంప్యూటరు లాకప్‌ను వేయాలా వద్దా అని నిర్ణయించేది ముఖ్యంగా బండి వేగాన్నీ, థ్రాటిల్ స్థానం, అంటే కాలు ఎంత నొక్కామో చెప్పే సెన్సారు వోల్టేజీనీ చూసి. కాలు ఒక్కసారిగా నొక్కినట్టు కనిపిస్తే, డ్రైవరుకు బలం కావాలేమో అనుకుని లాకప్ వదిలేస్తుంది. నా కాలు కదలడం లేదు కాబట్టి, సెన్సారు చెడిపోయి ఉండాలి, లేదా దాని వైరులో ఏదో అలజడి కలుస్తూ ఉండాలి. ముల్లు ఉన్న పాత రకం మీటరు పెట్టి, తాళం ఆన్ చేసి ఇంజిన్ ఆపి, ఒక మిత్రుడు యాక్సిలరేటర్‌ను అతి నెమ్మదిగా నొక్కుతుంటే చూశాను. ఇక్కడ డిజిటల్ మీటరు కంటే ముల్లు మీటరే మేలు, ఎందుకంటే క్షణంలో వచ్చి పోయే తెగుదలను అంకెలు చూపించలేవు, ముల్లు మాత్రం వణికి చూపిస్తుంది. ముల్లు ఎక్కడా వణకకుండా మెత్తగా పైకి వెళ్లింది. సెన్సారు బాగుంది.

అయినా నేను తొందరపడి సెన్సారు మార్చాను. ఇది నేను చేసిన పొరపాటు. పరీక్ష బాగుందని చెప్పిన భాగాన్ని మార్చడం వల్ల మూడు రోజులు పోయాయి, గొడవ ఉన్నచోటే ఉంది. ఆ రోజుల్లో ఎన్నో ఏళ్లుగా డీజిల్ బండ్ల కరెంటు పనే చేస్తున్న ఒక పెద్దాయనతో మాట్లాడితే, "ఆల్టర్నేటర్ విప్పి చూశావా బాబూ?" అని అడిగారు. బ్యాటరీ ఛార్జింగ్ బాగానే ఉందన్నాను. "ఛార్జింగ్ బాగుంటే సరిపోదు, లోపల ఒక డయోడు పోయినా ఛార్జింగ్ అవుతూనే ఉంటుంది, చెత్త కరెంటు మాత్రం బండంతా తిరుగుతుంది" అన్నారు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజమైంది. ఆల్టర్నేటర్ లోపల పుట్టేది ఏసీ కరెంటు, డయోడ్లు దాన్ని డీసీగా మారుస్తాయి. ఒక డయోడు బలహీనపడితే ఏసీ కొంత మిగిలిపోయి, అలల్లా అన్ని వైర్లలోకీ పాకుతుంది. సెన్సారు సంకేతం అయిదు వోల్టుల లోపు ఉండే నాజూకైన సంకేతం. దాని మీద ఆ అలలు పడితే కంప్యూటరుకు అది వణుకుతున్న కాలిలా కనిపిస్తుంది. మీటరును ఏసీ వోల్టుల మీద పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా, లైట్లు, ఫ్యాను వేసి, ఆల్టర్నేటర్ అవుట్‌పుట్ కొనకూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య చూశాను. 0.4 వోల్టు చూపించింది. బాగున్న ఆల్టర్నేటర్‌లో ఇది 0.1 కంటే తక్కువే ఉండాలి. ఊహ మీద ఇంకో భాగం మార్చకూడదని ఈసారి నిశ్చయించుకుని, ఆల్టర్నేటర్‌లో కరెంటు పుట్టకుండా దాని ఫీల్డ్ వైరు కనెక్టరు విప్పేసి, బ్యాటరీ మీదనే పావుగంట రోడ్డు మీద తిప్పాను. అదే 75, అదే రోడ్డు, అదే కాలు. లాకప్ ఒకసారి పట్టుకుంది, పట్టుకునే ఉంది. ముల్లు రాయిలా 1250 మీద నిలబడింది. ఆ ముల్లు వైపు చూస్తూ ఎంతసేపు నడిపానో నాకే తెలియలేదు.

ఆల్టర్నేటర్ డయోడు ప్లేటు మార్పించాను. అదే పనిలో బ్యాటరీ నుంచి ఇంజిన్‌కూ ఛాసిస్‌కూ వెళ్లే ఎర్త్ వైర్ల కొనలు విప్పి, తుప్పు గీకి, లోహం మెరిసేదాకా తుడిచి బిగించాను. ఒక ఎర్త్ వైరు కొన దగ్గర రబ్బరు తొడుగు లోపల రాగి తీగలు పచ్చబడి సగం పొడి అయిపోయి ఉన్నాయి. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు, వంచితే కరకరమంది. దాన్ని పూర్తిగా మార్చాను. ఇప్పుడు ఏసీ వోల్టేజీ 0.03.

లాకప్ గొడవ తీరాక కింది గేర్ల తేడా స్పష్టంగా బయటపడింది. తేలికగా నడిపితే రెండో గేరు 15 కిలోమీటర్లకే, మూడోది 28కే పడిపోయేవి. పైగా రెండు నుంచి మూడుకు మారేటప్పుడు ఒక క్షణం ఇంజిన్ ఉత్తుత్తినే పైకి అరిచేది. చాలామంది దీన్ని మెత్తగా గేర్లు పడుతున్నాయని మెచ్చుకుంటారు. డీజిల్ బండిలో ఆ మెత్తదనం మంచిది కాదు. ఈ ఇంజిన్ ఆటోమేటిక్ బండ్లలో తక్కువ ఆర్‌పీఎం దగ్గరే దాదాపు 570 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. థ్రాటిల్ కేబుల్ గేరు ఎప్పుడు పడాలో చెప్పడమే కాదు, క్లచ్ ప్లేట్లను ఎంత బలంగా నొక్కి పట్టాలో కూడా చెబుతుంది. కేబుల్ వదులైతే ఒత్తిడి తక్కువగా ఉన్నప్పుడే టార్క్ పూర్తిగా వచ్చి పడుతుంది, ప్లేట్లు కొంతసేపు జారి పట్టుకుంటాయి. ఆ జారడమే నాకు వినిపించిన అరుపు. అలా కొన్ని నెలలు నడిపితే ప్లేట్లు మాడి, అప్పుడు నిజంగానే గేర్‌బాక్స్ విప్పాల్సి వచ్చేది.

కేబుల్ చూడటానికి ఇంజిన్ ఆపి, డీజిల్ పంపు పక్కన థ్రాటిల్ లివర్ మీద గుండుసూది తలలాంటి గుండ్రటి పిన్ను నుంచి కేబుల్ కొనను ఊడదీశాను. లివర్ ఐడిల్ స్థానంలో, అంటే కాలు నొక్కనప్పటి స్థానంలో ఉండాలి, కింద గేర్‌బాక్స్ పక్కన ఉన్న లివర్ కూడా తన ఐడిల్ స్థానంలో పూర్తిగా ఆగి ఉండాలి. అప్పుడు కేబుల్ కొన రంధ్రం మధ్యభాగం, పిన్ను మధ్యభాగం ఒక మిల్లీమీటరులోపు తేడాతో ఒకదాని ఎదురుగా ఒకటి రావాలి. టార్చి వేసి చూస్తే నాలుగు మిల్లీమీటర్లు తేడా ఉంది. పై లివర్ నాలుగు మిల్లీమీటర్లు కదిలాక గానీ కింది లివర్ కదలడం మొదలుపెట్టడం లేదన్నమాట. బ్రాకెట్ దగ్గర తాళం విడిపించి, కొన పిన్నుకు సరిగ్గా ఎదురు వచ్చేదాకా కేబుల్ జరిపి, తాళం వేశాను. ఆ తర్వాత మిత్రుణ్ని పెడల్ నొక్కమని, నేను బండి కింద పడుకుని రెండు లివర్లూ ఒకేసారి కదులుతున్నాయా, వదిలినప్పుడు ఒకేసారి వెనక్కి వచ్చి ఆగుతున్నాయా అని చూశాను. ఈ రెండో పరీక్షను ఎవరూ మానకూడదు. కేబుల్ లోపల పట్టేసి కింది లివర్ వెనక్కి రాకపోతే ఒత్తిడి ఎక్కువలోనే నిలిచిపోతుంది.

ఫలితం మొదటి మలుపులోనే తెలిసింది. రెండో గేరు 22 దగ్గర, మూడోది 38 దగ్గర పడ్డాయి, గట్టిగా, ఒక్క దెబ్బతో. అరుపు పోయింది. బిగిస్తే ఇంకా బాగుంటుందేమో అనిపించి మరో రెండు మిల్లీమీటర్లు లాగి చూశాను. గేర్లు ఆలస్యంగా, కాలు నేలకు తన్నినట్టు పడ్డాయి, తేలికగా నడిపేటప్పుడు కూడా రెండో గేరు వదలనంది. మళ్లీ సరైన కొలతకే వచ్చాను. కావాలనుకుంటే బరువులు లాగే బండికి అర మిల్లీమీటరు బిగువు వైపు ఉంచుకోవచ్చు, వదులు వైపు మాత్రం ఎప్పుడూ ఉంచకూడదని నా గట్టి అభిప్రాయం.

అనుమానం పూర్తిగా తీరడానికి ఒత్తిడి గేజీ పెట్టి గవర్నర్ ఒత్తిడిని కూడా చూశాను. బండి నిలిచి ఉన్నప్పుడు అది సున్నాకు ఆనుకునే ఉండాలి, కదిలాక గంటకు మైలు వేగానికి సుమారు ఒక పీఎస్ఐ (ఒత్తిడి కొలత) చొప్పున పెరగాలి. నాది అలాగే పెరిగింది, కాబట్టి ఆ ఒత్తిడిని నడిపే సోలినాయిడ్‌నూ, దాన్ని కొలిచే సెన్సారునూ ముట్టుకోలేదు. కొత్త బండ్లలో ఈ కేబులే కనిపించదు. ఇదే వర్గానికి చెందిన 48ఆర్‌ఈ చివరి ఏళ్లలో కేబుల్ స్థానంలో చిన్న మోటారు వచ్చింది. అక్కడ మిల్లీమీటర్లు కొలవడానికి బదులు స్కానర్‌తో పని చేయాలి.

ఇక మిగిలింది ఎత్తుపల్లాల సంగతి. లాకప్ లేకుండా ఎత్తు ఎక్కడం ఎందుకు ప్రమాదమో ఒక లెక్కతో నాకు బాగా తలకెక్కింది. ఇంజిన్ వంద కిలోవాట్లు ఇస్తున్నప్పుడు కన్వర్టర్ ఎనిమిది శాతం జారినా, ఎనిమిది కిలోవాట్లు ఆయిల్‌లో వేడిగా మారుతుంది. ఎనిమిది ఇస్త్రీపెట్టెలు ఆ ఆయిల్‌లో ముంచి వదిలేసినట్టు. అందుకే ట్రెయిలర్‌తో ఎత్తు ఎక్కేటప్పుడు ఓవర్‌డ్రైవ్ (నాలుగో గేరు) బటన్ ఆపి మూడో గేరులో వెళతాను. ఓవర్‌డ్రైవ్ ఆపినప్పుడు ఈ కంప్యూటరు మూడో గేరులో కూడా లాకప్ వేస్తుంది. గంటకు 70 దగ్గర ఇంజిన్ 1700 మీద, టార్క్ బాగా ఉన్నచోట తిరుగుతుంది. మునుపు 115 దాటిన ఎత్తు మీద ఇప్పుడు ఆయిల్ 92 దగ్గర నిలుస్తోంది.

దిగేటప్పుడు, పొగ దారిని మూసి ఇంజిన్‌తోనే బండిని నెమ్మదింపజేసే ఎగ్జాస్ట్ బ్రేకు పనిచేయాలన్నా లాకప్ పట్టుకుని ఉండాల్సిందే. లేకపోతే చక్రాల నుంచి వచ్చే తోపు కన్వర్టర్ ఆయిల్‌లో జారిపోతుంది, ఇంజిన్ దాన్ని ఆపలేదు. కానీ కాలు పూర్తిగా తీసినప్పుడు కంప్యూటరు లాకప్ వదిలేస్తుంది. అందుకని లాకప్ సోలినాయిడ్ వైరును నేను కోరినప్పుడు ఎర్త్ చేసే ఒక స్విచ్చు పెట్టుకున్నాను. ఈ స్విచ్చు విషయంలో జాగ్రత్తలు గట్టిగా చెప్పాలి. బ్రేకు పెడల్ తాకగానే అది తెగిపోయేలా రిలే పెట్టాను, లేకపోతే బండి ఆగేటప్పుడు లాకప్ వదలక ఇంజిన్ ఆగిపోతుంది. ఆ క్షణాన పవర్ స్టీరింగ్ కూడా ఉండదు. అందువల్ల దిగుడులో కాలి బ్రేకు తాకిన ప్రతిసారీ లాకప్ వదిలి, కాలు తీశాక మళ్లీ పడుతుంది. దీన్ని నేను కావాలనే అలా ఉంచాను. యాక్సిలరేటర్ పెడల్ పూర్తిగా నొక్కి ఉన్నప్పుడు స్విచ్చు వేయకూడదు. అంత టార్క్ మీద ఒకే ఒక ప్లేటున్న క్లచ్చును పట్టించడమంటే ప్లేటును చేతులారా తగలబెట్టుకోవడమే, ఇన్‌పుట్ షాఫ్టు మీద కూడా ఆ దెబ్బ పడుతుంది. స్విచ్చు తప్పుగా కలిపితే కంప్యూటరు పీ0743 వంటి లాకప్ సర్క్యూట్ కోడు చూపించి, నాలుగో గేరునే నిరాకరించవచ్చు. నాకు మొదటిసారి అదే జరిగింది. రిలే కలిపిన చోటు సరిచేసి, కోడు చెరిపాక మళ్లీ రాలేదు.

ఈ పని పూర్తయ్యాక 6000 కిలోమీటర్లు నడిచింది. పోయిన వారం కేబుల్ కొనను మళ్లీ ఊడదీసి చూశాను. అర మిల్లీమీటరు వదులు వైపు జరిగింది. తాళంలోని ప్లాస్టిక్ పళ్లు అరిగాయి, వేలితో నొక్కితే కదులుతోంది. కొత్త కేబుల్ తెప్పించాను. అది బిగించేదాకా ట్రెయిలర్ కట్టడం లేదు.